తెప్పల మేస్త్రీ కాపలా

తెప్పల మేస్త్రీ పోయాడని మొన్న సోమవారం పాలు పోసే మనిషి చెప్పింది. చెప్పి నా ముఖంలోకి చూసింది. నేను పాలగిన్నె లోపల పెట్టి వచ్చి, "ఎప్పుడు?" అని మాత్రం అడిగాను.

అప్పటినుంచీ మా వీధిలో ఆయన గురించి అన్నీ మంచి మాటలే. ఏటి సంగతి ఆయనకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదట. నోరు చెడ్డదేగాని మనసు వెన్నట. బతికున్నప్పుడు ఆయన ఎదురొస్తే సందులోకి తప్పుకున్నవాళ్ళే ఇప్పుడు ఈ మాటలంటున్నారు. మనసు వెన్న కాదు. ఆయన నోరెంత చెడ్డదో మనసూ అంత చెడ్డది. నేను ఆయనను ద్వేషించాను, ఆయన నన్ను ద్వేషించాడు. రాయగడ మొత్తంలో మా ఇద్దరికీ ఉన్నంత పగ మరెవరికీ ఉండేది కాదు. ఒక మనిషిని అంతగా ద్వేషించాలంటే ఆ మనిషిని బాగా చూసి ఉండాలి. నేను చూశాను.

పొడుగు మనిషి. వీపు కొంచెం వంగి ఉండేది. సంస్థానం అడవుల్లో కొట్టిన వెదుళ్ళను తెప్పలు కట్టి నాగావళి మీద దిగువకు తోలించే పని ముప్ఫై ఏళ్ళు చేశాడట. నేను కోడలిగా ఈ ఊరు వచ్చేసరికే ఆ పని మానేశాడు. మానేసినా పొద్దంతా ఏటి గట్టునే ఉండేవాడు. చుట్ట ఎప్పుడూ అడ్డపొగే, నిప్పు నోట్లో పెట్టుకుని. అందుకని మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా చుట్ట బయటికి తీయాలి. తీశాడంటే ఎవరినో తిట్టడానికే. మంచిమాట చెప్పడానికి ఆయన చుట్ట తీయగా నేనెన్నడూ చూడలేదు.

ఎవరినీ 'మీరు' అనేవాడు కాదు. ఠాణా కచేరీలో గుమాస్తా అయిన మా ఆయన్నీ, మా అత్తగారినీ కూడా 'నువ్వు' అనే పిలిచేవాడు. నీళ్ళలో దిగేముందు మడమతో ఇసుకను రెండుసార్లు తన్ని, అడుగున తేలిన మట్టిని వేలితో తీసి వాసన చూసేవాడు. అది చూసి మేం నవ్వుకునేవాళ్ళం. ఆయనకు వినబడేటట్టే నవ్వేవాళ్ళం.

మా గొడవంతా ఒక ఇసుక మేట దగ్గర మొదలైంది.

రైలు లైను పని జరుగుతున్న రోజులవి. ఊరి రేవు నిండా బళ్ళు, ఎద్దులు, రాళ్ళు కొట్టే కూలీలు, వాళ్ళ మీద అరిచే మేస్త్రీలు. ఆడవాళ్ళు తడి బట్టలతో పైకి రావాలంటే అరవైమంది మగాళ్ళ మధ్య నుంచి రావాలి. రేవులో సంస్థానం జవాను ఒకడు కర్ర పట్టుకుని నిలబడేవాడుగాని, వాడు చూసేదీ మమ్మల్నే. అందుకని మా వీధి ఆడవాళ్ళం అరకోసు దిగువకు వెళ్ళడం మొదలుపెట్టాం. అక్కడ ఏరు కొండరాళ్ళను చుట్టి వంపు తిరుగుతుంది. వంపులో తెల్లటి ఇసుక, మూడు పెళ్ళిపందిళ్ళు వేసేంత మేట. గట్టుకీ మేటకీ మధ్య సన్నటి పాయ ఒకటి, చీలమండ దాటని నీళ్ళు. అది దాటితే ఇసుక, ఇసుకకు అవతల అసలు ఏరు. చుట్టూ వెదురు పొదలు. మనిషి అలికిడి లేదు. జవాను లేడు, బళ్ళు లేవు. కార్తీకం వెళ్ళిన దగ్గర్నుంచి తొలకరి దాకా అది మా రాజ్యం. నూతి దగ్గర చెప్పుకోలేని మాటలన్నీ అక్కడ చెప్పుకునేవాళ్ళం.

అంత చక్కటి ఇసుక మీదకు, ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన కోదు ఆడవాళ్ళు ఒక్కరూ వచ్చేవారు కారు. అదేమిటని మాకు తోచలేదు.

మేస్త్రీ మాత్రం వచ్చేవాడు. గట్టున ఒక రాతి మీద, మాకు ఎదురుగా కూర్చునేవాడు. మేం కేకలేసేవాళ్ళం.

"ఆడోళ్ళు తానాలు చేస్తుంటే అలా కూకోడానికి సిగ్గు లేదా?" అని ఒకసారి మా అత్తగారు అడిగారు.

ఆయన చుట్ట తీశాడు. "నిన్ను సూడ్డానికి ఏటుందే ముసిల్దానా? నాను నీల్లు సూస్తన్నాను" అన్నాడు.

ఉన్నట్టుండి లేచి, "లెగండి, లెగండి! బేగి రండి ఇవతలకి!" అని అరిచేవాడు. ఎందుకో చెప్పడు. అడిగితే ఒక బూతు మాట. కదలకపోతే గులకరాళ్ళు విసిరేవాడు. అవి మా పక్కనే నీళ్ళలో పడేవి. ఒకసారి మా ఉతికిన బట్టల మూటను కాలితో తన్నుకుంటూ గట్టుకు తీసుకుపోయాడు. కడుపుతో ఉన్న పోస్టుమాస్టరుగారి భార్యతో, "నీతో పాటు నీ కడుపులోదీ పోద్ది" అన్నాడు. ఆ పిల్ల మూడు రోజులు అన్నం తినలేదు. ఇలా మేం నాలుగుసార్లు పరుగెత్తి గట్టెక్కాం. నాలుగుసార్లూ ఏరు అలాగే ఉంది, తేటగా, నిదానంగా.

ఐదోసారి నేను కదలలేదు. మా తోటికోడలు నర్సమ్మ కూడా నన్ను చూసి కదలలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల. కాపరానికొచ్చి ఏడాది. నేనెలా జడ వేసుకుంటే అలా వేసుకునేది, నేను ఏ కూర తినకపోతే అది తినేది కాదు. మేస్త్రీ పాయ దాటి వచ్చి వెదురుకర్రతో దాని భుజం మీద కొట్టాడు. కొట్టి చెయ్యి పట్టుకుని గట్టుకు ఈడ్చాడు. కర్ర దెబ్బ పడ్డ చోట వాతలా లేచింది.

ఆ రోజు కూడా ఏరు రాలేదు.

ఇంటికొచ్చి నేను ఠాణాదారుగారికి అర్జీ రాశాను. మా ఇళ్ళ ఆడవాళ్ళలో కలం పట్టడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా నాన్న నేర్పాడు. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని అందరూ అనేవారు. కర్రతో కొట్టాడని రాశాను. బట్టలు తన్నాడని రాశాను. అంతటితో ఆగితే బాగుండేది. 'స్నానమాచరించు స్త్రీలను దుర్బుద్ధితో చూచుచున్నాడు' అని ఇంకో వాక్యం రాశాను. అది అబద్ధమని రాస్తున్నప్పుడే నాకు తెలుసు. ఆయన చూపు మామీద కాదు, మా తలల మీదుగా ఎగువకు ఉండేది. ఎన్నిసార్లు గమనించానో. కాని కర్ర దెబ్బకు మందలించి వదిలేస్తారు, ఆ వాక్యం ఉంటే వదలరు. అందుకే రాశాను.

వదల్లేదు. కచేరీ ముందు తలపాగా తీయించి నిలబెట్టారట. ఎండలో, రైలు కూలీలు చూస్తుండగా. అర్జీ చదివి వినిపించి, స్నానాల వేళ ఆ వైపు కనిపిస్తే ఊళ్ళోంచి వెళ్ళగొడతామన్నారట. ఆయన నోట్లోంచి చుట్ట కూడా తీయలేదని మా ఆయన వచ్చి చెప్పాడు. నాకు పండగలా అనిపించింది. ఆ రాత్రి పాయసం చేశాను, సందర్భం ఏమిటని ఎవరూ అడగలేదు.

నెల తిరక్కుండా జ్యేష్ఠం వచ్చింది.

ఆ ఉదయం మేం ఐదుగురం వెళ్ళాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. రాతి మీద మేస్త్రీ లేడు. ఆ ఖాళీ రాయిని చూసి నర్సమ్మ, "అక్కా, ఇవాళ మనిష్టం వచ్చినంతసేపు ఉందాం" అంది. ఉన్నాం. మిగిలినవాళ్ళం ముందు ముగించుకుని పాయ ఇవతలికి వచ్చేశాం. నేను గట్టున కూర్చుని జుట్టు విదుల్చుకుంటున్నాను. నర్సమ్మ ఒక్కతే మేట అవతలి అంచున కూర్చుని కాళ్ళకు పసుపు రాసుకుంటోంది.

మొదట పాయ పెరిగింది. ఏరు కాదు. మేం అందరం ఏటివైపు చూస్తున్నాం, నీళ్ళు నర్సమ్మ వెనకనుంచి వచ్చాయి. పోస్టుమాస్టరుగారి భార్య, "ఓలమ్మా, నా చెప్పులేవి?" అంది. గట్టు కింద పెట్టిన చెప్పులు తేలిపోతున్నాయి. అప్పుడు చూశాను. చీలమండ దాటని పాయ మోకాళ్ళ మీదకు వచ్చింది, రంగు మారింది.

"నర్సమ్మా! అమ్మీ! వచ్చీ, బేగి వచ్చీ!" అని అరిచాను.

అది లేచి, నవ్వుతూ చెయ్యి ఊపింది. మేస్త్రీని వెక్కిరిస్తున్నాననుకుంది. మేమిద్దరం ఇంట్లో ఆయన గొంతు పెట్టి ఆడుకునేవాళ్ళం. మళ్ళీ అరిచాను. నా ముఖం చూసి ఈసారి పరుగెత్తింది. అప్పటికి పాయ నడుము దాటింది. మేం రెండు చీరలు ముడివేసి విసిరాం. అందలేదు. ఇంకోసారి విసిరాం. అది రెండడుగులు దిగి, వెనక్కి మేట మీదకు వెళ్ళిపోయింది. మేట చిన్నదైపోతోంది. దాని మీద నిలబడి, చేతులు కట్టుకుని, చలేస్తున్నదానిలా మావైపు చూస్తూ ఉంది. కేకలు పెట్టలేదు. "అక్కా, ఏటి చెయ్యాలి?" అని ఒక్కసారి అడిగింది. నాకు తెలియలేదు. ఆ తర్వాత ఎర్రటి నీళ్ళు ఒక్క దుముకు దుమికాయి.

రెండు రోజుల తర్వాత దిగువన వెదురు పొదల్లో దాని శవాన్ని చేపలు పట్టే కోదులు చూసి కబురు చేశారు. పైన కళ్యాణసింగుపురం వైపు కొండల్లో ముందురాత్రి కుండపోతట. మాకు ఇక్కడ చినుకు లేదు.

పన్నెండో రోజు కర్మ అయ్యాక నేను తిన్నగా మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కాళ్ళమీద పడదామనే వెళ్ళానేమో. ఆయన చూరు కింద కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. నన్ను చూసి కత్తి ఆపలేదు.

"ఏరు వస్తుందని నీకు తెలుస్తుందా?" అని అడిగాను.

చుట్ట తీశాడు. "తెలుస్తాది."

"ఆ రోజు?"

కత్తి ఆగింది. "తెలిసింది. తెల్లారే సూసేను. నీల్లల్లో పచ్చాకు వచ్చింది. ఎండాకు ఎప్పుడూ వస్తాది, పచ్చాకు వచ్చిందంటే పైన కొమ్మలు ఇరిగినట్టు. రాయి పక్కన నురగ కట్టింది. ఇసక కింద మట్టి వాసన మారింది. సేపలు పట్టే పిట్టలు గట్టెక్కేసేయి. అన్నీ సూసేను."

"మరెందుకు రాలేదు?"

"రావొద్దని నివ్వే రాసేవు గదే. నీ రాత బాగుంటాదట, కచేరీలో అనుకున్నారు."

చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని వెదురు చీల్చడం మొదలుపెట్టాడు.

నేను ఆయన గుమ్మంలో ఉమ్మేసి వచ్చాను. పద్దెనిమిదేళ్ళ పిల్ల చస్తుందని తెలిసి, ఇంట్లో కూర్చున్న మనిషి! నా తప్పు నాకు తెలుసు. కాని ఆ క్షణం నుంచి నా తప్పు మీద ఆయన తప్పు పెట్టి కప్పేశాను. అది చాలా వెచ్చగా ఉండేది. చూసినవాళ్ళందరికీ చెప్పాను, తెలిసి చంపాడని. మా వీధిలో ఆయన చుట్టకు నిప్పు ఇవ్వడం మానేశారు. గుళ్ళో ప్రసాదం పంచుతూ ఆయన దగ్గరకు వస్తే పూజారి చూపు పక్కకు తిరిగేది. ఆయనా ఊరుకోలేదు. నా మిరప మొక్కల్లోకి మేకల్ని తోలేవాడు. నేను ఎదురైతే దారి మధ్యలో నిలబడేవాడు, నేనే ముళ్ళలోకి దిగి వెళ్ళాలి.

మేం ఆ ఇసుక మానలేదు. రేవు నిండా ఇంకా కూలీలే. అదొక్కటే కారణమని చెప్పను, మానేస్తే ఆయన గెలిచినట్టనిపించింది. మరుసటి కార్తీకం నుంచి ఆ రాతి మీద నేను కూర్చున్నాను. ఆడవాళ్ళు స్నానం చేసేవారు, నేను నీళ్ళు చూసేదాన్ని. పచ్చాకు, నురగ, పిట్టలు. ఆయన విషం కక్కుతూ చెప్పిన గుర్తులన్నీ కంఠతా పెట్టాను. ఒక వైశాఖంలో నిజంగానే పచ్చాకు వచ్చింది. అందరినీ లేపి ఇవతలికి తెచ్చాను. మేం పసుపు డబ్బాలు సర్దుకుంటుండగానే మేట మునిగింది. ఆ రోజు పోస్టుమాస్టరుగారి భార్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది. అప్పటినుంచీ నేనుంటే చాలు, భయం లేదనే మాట పుట్టింది. చుట్టాలు వచ్చినా, చంటిపిల్లల తల్లులైనా ధైర్యంగా వచ్చేవారు. నేను "ఏమీ లేదు" అంటే నీళ్ళలోకి దిగేవారు. నాకు గర్వంగా ఉండేది. నాలుగేళ్ళు అలా గడిచాయి. రైలు వచ్చింది, రేవులో మాత్రం మగాళ్ళు తగ్గలేదు. ఈ తాలూకాలన్నీ ఒడిసాలో కలిపేస్తారనే మాటలు కూడా వచ్చాయి.

ఈ ఏడు చైత్రంలో మేస్త్రీ మేనకోడలు మా ఇంటికి వచ్చింది. "మావ పిలుస్తన్నాడు. నిన్నే" అంది.

వెళ్ళకూడదనుకున్నాను. క్షమాపణ అడుగుతాడేమో, అడిగితే ఇవ్వనని ముఖం మీద చెప్పాలని వెళ్ళాను.

మంచం మీద ఉన్నాడు. కాళ్ళు వాచి మొద్దుల్లా ఉన్నాయి. నోట్లో చుట్ట ఉందిగాని వెలిగించి లేదు. కూర్చోమనలేదు.

"ఇంకా ఆ ఇసక మీదకి ఎల్తన్నారా?" అన్నాడు.

"వెళ్తున్నాం. నేను చూస్తున్నాను."

"ఏటి సూస్తన్నావు?"

"నువ్వు చెప్పినవే."

చుట్ట తీసి పక్కన పెట్టాడు. "ఆ రోజు అయ్యేటీ నేవు."

నాకు అర్థం కాలేదు. "ఏవి?" అన్నాను.

"ఆకు నేదు. నురగ నేదు. పిట్టలు నీల్లల్లోనే ఉన్నాయి. నాను వచ్చేను. రావొద్దన్నా వచ్చేను, పొదల ఎనకాల నించి సూసేను. మట్టి వాసన కూడా సూసేను. ఏటీ నేదు. ఇవాల ఏరు రాదనుకుని ఇంటికెల్లి గంజి తాగేను. గంజి తాగతా ఉండగా సప్పుడు ఇనిపించింది."



"మరి తెలిసిందన్నావు."

"నాను ముప్ఫై ఏల్లు తెప్పలు తోలేను. ఏరు నన్ను మోసం సేసిందని నీకు సెప్పమంటావా? అదీ నీకా?"

"తెలిసి చంపావనుకున్నాను. నాలుగేళ్ళు! ఊరంతా అలాగే అనుకుంది!"

"అనుకోనీ. ఏటీ తెలీనోడు అనుకోడం కంటే అదే నయం."

నాకు ఒళ్ళంతా మండిపోయింది. నాలుగేళ్ళు ఆయన మీద మోపిన బరువంతా ఒక్కసారి నా మీదకు తిరిగి వచ్చింది. ఆ ఉదయం ఆయన రాతి మీద ఉన్నా అరిచి ఉండేవాడు కాడు. అలాగని నా అర్జీ తప్పు ఇంచు కూడా తగ్గలేదు. "నేను రాసింది అబద్ధం. నువ్వు మమ్మల్ని చెడ్డగా చూడలేదని నాకు తెలుసు" అన్నాను. జాలితో అనలేదు. ఆయన దెబ్బకు దెబ్బ తీయాలని అన్నాను.

"నీకు తెలుసని నాకు తెలుసు" అన్నాడు. "కచేరీలో ఆ ముక్క సదువుతా ఉంటేనే అనుకున్నాను, ఇది నాలాంటిదేనని."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావు? నాకు మనశ్శాంతి ఉండకూడదనా?"

"నీ మనశ్శాంతి ఎవుడికి కావాల? ఆ గుర్తులు నమ్మి సంటి గుంటల తల్లుల్ని దింపుతన్నావట. అయ్యి సాలవు. ఒక్కోసారి ఏరు సెప్పదు. పాయ దాటి అవతలికి మనిషన్నోడు ఎల్లకూడదు, అంతే. కోదులు ఎల్లరు, సూళ్ళేదా?" గోడవైపు తిరిగాడు. "ఇంక పో."

నేను క్షమించమని అడగలేదు. ఆయనా అడగలేదు. ఆ ఇంటి గుమ్మం మళ్ళీ తొక్కలేదు. చావుకు కూడా వెళ్ళలేదు.

ఆయన పిలిపించిన మర్నాడు ఉదయం మా వీధి ఆడవాళ్ళు తొమ్మిదిమంది బట్టల మూటలతో బయలుదేరారు. ఇద్దరి చంకల్లో చంటిపిల్లలు. దిగువకు తిరిగే దారిలో నేను అడ్డంగా నిలబడ్డాను. ఇకమీదట ఆ ఇసుక మీదకు ఎవరూ వెళ్ళకూడదన్నాను. మేస్త్రీ చెప్పింది చెప్పాను. అర్జీలో నేను రాసిన అబద్ధం కూడా చెప్పాను.

మా అత్తగారు నా ముఖంలోకి చూసి, "నా చిన్నకోడల్ని మింగి, నాలుగేళ్ళు ఆడి మీద తోసేవా?" అన్నారు. నేను తల దించుకోలేదు. దించుకుంటే దారి వదిలినట్టవుతుంది.

పోస్టుమాస్టరుగారి భార్య అడిగింది. "ఇవాళ గుర్తులేమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవు."

"మరైతే ఏటి భయం? ఆ ముసిలోడి మాట పట్టుకుని మమ్మల్ని మగాళ్ళ మధ్యకి తోలతావా?"

"తోలతాను" అన్నాను.

ఒకామె నన్ను పక్కకు నెట్టి వెళ్ళబోయింది. మూట లాక్కున్నాను. అది విడిపోయి బట్టలు దుమ్ములో పడ్డాయి. ఆమె నన్ను అనరాని మాటలన్నది. అందరూ అన్నారు. చివరకు దుమ్ముకొట్టిన బట్టలు ఏరుకుని, తిట్టుకుంటూ, ఊరి రేవువైపు తిరిగారు. ఎవరైనా జారుకుని మళ్ళీ ఇసుకవైపు వెళ్తారేమోనని నేను అందరికంటే వెనక నడిచాను.